పిందె రాలుతోందా? ముందు తొడిమ చూడండి

మామిడి పూగుత్తి ఒక్కోదానిలో వెయ్యికి పైగా పూలుంటాయి. చాలావరకు మగపూలే. మిగిలిన వాటిలోనూ పిందె కట్టి కోత దాకా నిలిచేవి నూటికి ఒకటి కూడా ఉండవు. చెట్టు మోయగలిగినన్ని ఉంచుకుని తక్కినవి తానే వదిలించుకుంటుంది. బంగినపల్లి లాంటి పెద్దకాయ రకంలో గుత్తికి ఒక్క కాయ దక్కినా మంచి కాపే. కాబట్టి నేల మీద పిందెలు కనబడగానే మందుల కొట్టుకు పరిగెత్తనక్కర్లేదు.

రాలిన వాటిని ఓ పిడికెడు ఏరి నిలువునా కోసి చూడండి. లోపలి గింజ ముడుచుకుపోయి గోధుమరంగుకు తిరిగి ఉంటే పరాగ సంపర్కం సరిగా జరగలేదని అనుమానించాలి. తొడిమ, పిందె నల్లబడి ఉంటే మచ్చ తెగులు కావచ్చు. గుత్తి జిగటగా ఉండి, ఆకుల మీద మసి పేరుకుంటే తేనెమంచు పురుగు పని. తెల్లటి బూడిద కనిపిస్తే బూడిద తెగులు. ఈ చివరి మూడింటికీ హార్మోను మందు కొట్టి లాభం లేదు. తెగులు తెగులుగానే ఉంటుంది, డబ్బు మాత్రం పోతుంది.

మరి హార్మోను ఎక్కడ పనికొస్తుంది? ఎదిగే గింజ ఆక్సిన్ అనే హార్మోనును తయారుచేసి తొడిమలోకి పంపుతూ ఉంటుంది. అది అందుతున్నంత కాలం తొడిమ దగ్గరి కణాలు పట్టు వదలవు. ఎండ ముదిరి నీరందకపోయినా, గింజ బలహీనపడినా ఆక్సిన్ తగ్గుతుంది, ఇథిలీన్‌ది పైచేయి అవుతుంది. కణాల మధ్య అతుకు కరిగిపోతుంది. ఆపైన కాస్త గాలి వీస్తే చాలు. తగ్గిన ఆక్సిన్‌కు బదులుగా పైనుంచి అందించేదే నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం. మన రైతులు ప్లానోఫిక్స్ పేరుతో అడిగేది దీన్నే. ఇలాంటి మందులతో ఆపిల్ కాయలు కోతకు ముందు రాలకుండా ఆపవచ్చని 1939లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించారు.

మామిడికి 10 నుంచి 20 పిపిఎం చాలు. 4.5 శాతం మందు అయితే 10 లీటర్ల నీటికి సుమారు 2 నుంచి 4 మిల్లీలీటర్లు. సీసా మూతతో ఉజ్జాయింపుగా పోసే మందు కాదిది, సూది తీసేసిన సిరంజితో కొలవాలి. ఎందుకంటే ఇదే మందును ఆపిల్ తోటల్లో లేత దశలో అదనపు పిందెలను రాల్చడానికీ కొడతారు. దశ తప్పినా, మోతాదు మించినా నిలబెట్టే మందే రాలుస్తుంది. మామిడిలో పిందె బఠాణీ గింజంత ఉన్నప్పుడు కొట్టాలి. అవసరమైతే గోళీ సైజులో మరోసారి. నిమ్మకాయంత అయ్యాక కొడితే పెద్దగా ఒరిగేదేమీ లేదు.

బోరాన్ సంగతి వేరు. పుప్పొడి మొలకెత్తి అండాశయం దాకా చేరడానికి అది కావాలి. అందుకే పూమొగ్గలు విచ్చుకోకముందే, లీటరుకు గ్రాము, గ్రామున్నర మించకుండా కొట్టాలి. ఎక్కువైతే ఆకుల అంచులు మాడతాయి. పూత నిండుగా విచ్చుకున్నప్పుడు మాత్రం ఏ మందూ వద్దు, పురుగుమందు అసలే వద్దు. మామిడిలో పరాగాన్ని మోసేది ఎక్కువగా ఈగలే. వాటిని చంపుకుని పిందె నిలవలేదని బాధపడేవాళ్లు తక్కువేమీ కాదు.

నీటిని మరిచి మందు మీద ఆశ పెట్టుకోవడం ఇంకో పొరపాటు. పూతకు ముందు ఆపిన తడులను పిందె కట్టాక మళ్లీ మొదలుపెట్టాలి, అదీ ఒకేసారి పారించకుండా కొద్దికొద్దిగా. నేల ఎండి చెట్టు వడిలి ఉన్నప్పుడు ఆకుల మీద ఏం చల్లినా సరిగా ఇంకదు. మందు కొట్టడానికి ఉదయం గానీ, ఎండ వాలాక గానీ అనువైన సమయం.

ఖర్చు పెట్టేవారు ఓ పని చేయవచ్చు. ఒకే వయసు చెట్లలో నాలుగైదింటికి మందు కొట్టకుండా వదిలేసి, గుర్తుగా గుడ్డపీలికలు కట్టండి. మందు కొట్టినవాటిలో కొన్ని గుత్తులకూ, వీటిలో అన్నే గుత్తులకూ దారం కట్టి, నెల తర్వాత రెండుచోట్లా నిలిచిన కాయలు లెక్కపెట్టండి. వచ్చే ఏడు మందు కొనాలో వద్దో ఆ లెక్కను బట్టి తేల్చుకోవచ్చు.