నిజపు గ్లైడరు, నమూనా గ్లైడరు

గ్రీష్మమున మిట్టమధ్యాహ్నము ఆకాశమువైపు చూచినచో గ్రద్ద యొకటి రెక్కలు ఆడింపకయే గుండ్రముగా తిరుగుచు మెల్లమెల్లగా పైకి పోవుట కానవచ్చును. దానికి ఆ బలమెక్కడిది? ఎండకు కాగిన నేల తనపైనున్న గాలిని వేడిచేయును. వేడిగాలి తేలికయై పైకి లేచును. గ్రద్ద నిజమునకు ఆ గాలిలో క్రిందికి జారుచునే యున్నది. కాని అది జారు వేగముకంటె గాలి లేచు వేగము హెచ్చు. అందుచేత నేలపైనున్న మనకు అది పైకి పోవుచున్నట్లు కనబడును. ఇంజను లేని విమానమగు గ్లైడరు గంటల తరబడి ఎగురుటలోని కిటుకు ఇదియే.

ఈ గ్లైడరులు నేడు రెండు విధములుగా ఎగురుచున్నవి. ఒకదానిలో మనుష్యుడు కూర్చుండి నడుపును. రెండవది దాని నమూనా. నేలపై నిలుచున్నవాడు రేడియో సంకేతములతో దానిని నడుపును. నమూనా యనగానే పిల్లల ఆటబొమ్మ మన మనస్సునకు వచ్చును. కాని ఔత్సాహికులు మూడవవంతు కొలతలతో నిర్మించు నమూనాల రెక్కలు ఈ కొననుండి ఆ కొనకు ఐదారు మీటర్లుండును. ఆకారమొకటియే, ఎగురు సూత్రమొకటియే. అట్లయిన రెండింటికిని పరిమాణమున తప్ప భేదమేమి? నమూనాను చక్కగా నడుపువాడు నిజపు గ్లైడరులో కూర్చున్నచో దానిని నడుపగలడా? ఈ విషయమును మేము శ్రోతలకు విన్నవింపదలచితిమి.

జర్మనీ దేశమున రోన్ కొండలలో వాసర్‌కుప్పె అను శిఖరము కలదు. దాని ఎత్తు 950 మీటర్లు. మొదటి ప్రపంచయుద్ధానంతరము 1919 నాటి వెర్సాయి సంధి జర్మనీలో ఇంజను విమానముల నిర్మాణమును అరికట్టెను. ఎగురవలెనను కోరిక చావని యువకులు ఇంజను లేకయే ఎగురుటకు పూనుకొనిరి. 1920లో ఈ కొండపై మొదటి గ్లైడరు పోటీ జరిగెను. ఆనాడు రెండు నిమిషములు గాలిలో నిలుచుటయే గొప్ప. 1922లో హనోవరు విద్యార్థుల గ్లైడరులో మార్టెన్స్ అను యువకుడు గంటకు పైగా ఎగిరెను. నేడు ఆ కొండపైనున్న గ్లైడరుల మ్యూజియములో నిజపు గ్లైడరులతోపాటు నమూనాలకును చోటు కలదు. ఆ కొండ దిగువనున్న పొప్పెన్‌హౌజెన్‌లో ష్లైహర్ కంపెనీ 1927 నుండి గ్లైడరులు నిర్మించుచున్నది. ఆ కంపెనీ తయారుచేయు ఎ.ఎస్.కె. 21 అను రెండాసనముల గ్లైడరుపై పెక్కు దేశములలో విద్యార్థులు శిక్షణ పొందుచున్నారు. మన లెక్కకు దీనినే తీసికొందము.

దాని రెక్కల పొడవు కొననుండి కొనకు 17 మీటర్లు. రెక్కల వైశాల్యము సుమారు 18 చదరపు మీటర్లు. ఇద్దరు మనుష్యులతో కలిసి దాని గరిష్ఠ భారము 600 కిలోలు. కొలతలన్నిటిని మూడవవంతు చేసితిమనుకొందము. రెక్కల పొడవు 5.7 మీటర్లగును. వైశాల్యము మూడవవంతు కాదు, తొమ్మిదవవంతగును. అనగా రెండు చదరపు మీటర్లు. భారమో, పొడవు వెడల్పు ఎత్తు మూడును తగ్గుటచేత, ఇరువదియేడవ వంతునకు దిగి సుమారు 22 కిలోలగును. నిజపు గ్లైడరున ప్రతి చదరపు మీటరు రెక్కయు 33 కిలోలు మోయుచుండగా, నమూనాయందు 11 కిలోలే మోయును.

ఈ ఒక్క భేదమునుండియే తక్కినవి పుట్టుచున్నవి. రెక్క మోయవలసిన భారము మూడవవంతైనప్పుడు, ఎగురుటకు కావలసిన వేగము మూడు యొక్క వర్గమూలము, అనగా 1.73 వంతున తగ్గును. నిజపు గ్లైడరు గంటకు 90 కిలోమీటర్ల వేగమున చేయు పనిని నమూనా 52 కిలోమీటర్ల వేగమున చేయును. వేగము తగ్గినది కదా, నడుపుట సులభమని తోచును. కాని పొడవు మూడవవంతునకు తగ్గగా వేగము అంతగా తగ్గలేదు. అందుచేత నమూనా తన శరీరమంత దూరమును నిజపు గ్లైడరుకంటె త్వరగా దాటును. ఒరుగుట, తిరుగుట, ముక్కు వాల్చుట అన్నియు 1.73 రెట్లు త్వరగా జరుగును. పెద్ద గ్లైడరున నాలుగు సెకనులలో జరుగునది చిన్నదానిలో రెండున్నర సెకనులలోపుననే ముగియును. దిద్దుకొనుటకు వ్యవధి అంత తక్కువ.

బలము విషయమున చిన్నదానికే లాభము. భారము ఇరువదియేడవ వంతగుచుండగా, దూలముల అడ్డుకోత తొమ్మిదవవంతే యగును. చీమ తన బరువునకు పెక్కురెట్లు మోయగలుగుట ఈ కారణముననే. అందుచేతనే పెద్దదానికి తగని ఉధృతమైన విన్యాసములను నమూనా తట్టుకొనగలదు.

అన్నిటిని కుదించితిమి గాని, గాలిని కుదింపజాలము. ఇదియే కీలకము. గాలికొక జిగట గుణము కలదు. పెద్ద రెక్కపై, హెచ్చు వేగమున దాని ప్రభావము స్వల్పము; చిన్న రెక్కపై, తక్కువ వేగమున హెచ్చు. దీనిని శాస్త్రజ్ఞులు రెనాల్డ్స్ సంఖ్య అను కొలతతో తెలుపుదురు. మనము తీసికొన్న గ్లైడరునకు అది 17 లక్షలకు పైబడియుండును. మూడవవంతు నమూనాకు మూడున్నర లక్షలకు మించదు. అందుచేత నమూనా రెక్క అంత నున్నగా గాలిని చీల్చుకొని పోజాలదు. నిజపు గ్లైడరు నిశ్చలమైన గాలిలో ఒక కిలోమీటరు ఎత్తునుండి 34 కిలోమీటర్ల దూరము జారగలదు. నమూనా దానిని అందుకొనజాలదు. నిపుణులు రెక్క అడ్డుకోత ఆకృతిని మార్చి ఈ లోపమును కొంత సవరింతురు. అప్పుడది అచ్చమైన నమూనా కాక, చూచుటకు మాత్రమే నమూనా యగును.

ఎదురుగాలి విషయమును చూడుడు. గంటకు 30 కిలోమీటర్ల గాలి ఎదురు వీచుచున్నచో పెద్దది ఇంకను 60 కిలోమీటర్ల వేగమున ముందుకు సాగును. చిన్నదానికి మిగులునది 22 మాత్రమే. అయితే పైకి లేచు వేడిగాలియందు చిన్నదే మిన్న. అది పెద్దది తిరుగు వలయములో మూడవవంతు వలయముననే తిరుగగలదు. నేలకు దగ్గరగా, ఇంకను సన్నముగానున్న గాలిస్తంభము పెద్ద గ్లైడరునకు పనికిరాదు. నమూనా దానిలో ఒదిగి పైకి పోవును.

ఇక నడుపువాని మాట. లోపల కూర్చున్నవానికి శరీరమే మొదటి పరికరము. గాలి పైకి నెట్టగానే ఆసనము క్రిందినుండి తోచును. వేగము హెచ్చినపుడు గాలిరొద హెచ్చును. ఎదుటి అద్దముపై అంటించిన ఉన్నిదారము ప్రక్కకు జరిగినచో గ్లైడరు అడ్డముగా జారుచున్నదని తెలియును. నేలపైనున్నవానికి ఇవేవియు లేవు. వానికి కన్నొక్కటే దిక్కు. ఐదున్నర మీటర్ల రెక్కలు సుమారు 630 మీటర్ల దూరమున చంద్రబింబమంత వెడల్పుగా మాత్రమే కనబడును. అది వచ్చుచున్నదో పోవుచున్నదో తేల్చుకొనుటయే కష్టము. తనవైపు వచ్చుచున్నచో కుడి ఎడమలు తారుమారగును. వెనుకగాలితో పోవునపుడు నేలపై వేగము హెచ్చుగా కనబడుటచేత, నిజముగా గాలిలో వేగము చాలకున్నను చాలునని భ్రమించి ముక్కెత్తును; రెక్క పట్టు తప్పి విమానము కూలును.

ఈ రెండు లోకములను కలుపునది రేడియో. రేడియోలో పనిచేయు మాకు ఇది ముచ్చట గొల్పు విషయము. సామాన్యమైన అమరికలో, గ్లైడరులోని రిసీవరు ప్రతి చిన్న మోటారునకు సెకనుకు 50 మారులు విద్యుత్ స్పందన మొకటి పంపును. ఆ స్పందన సెకనులో వేయవవంతు నిలిచినచో చుక్కాని ఒక కొసకు, రెండు వంతులు నిలిచినచో రెండవ కొసకు, ఒకటిన్నర వంతు నిలిచినచో నడుమకు వచ్చును. నేడు గ్లైడరునుండియు సంకేతములు నేలకు వచ్చుచున్నవి. అది పైకి లేచినచో నడుపువాని చెవిలో స్వరము హెచ్చును, దిగినచో తగ్గును. ఆసనము చెప్పవలసిన మాటను ఈ విధముగా చెవి వినుచున్నది.

కాని రేడియో మోయజాలనిదొకటి కలదు. లోపలనున్నవాడు ఎత్తు తగ్గినపుడు ఏ పొలమున దిగవలెనో ముందే ఏర్పరచుకొనును. మరికొంత దూరము పోయి చూతమను ఆశను అణచుకొనును. ఏలయన పొరపాటునకు చెల్లింపవలసినది తన ప్రాణముతోనే. నేలపైనున్నవాడు ఆ ఆశకు లోబడినను వాని కాలికి ముల్లైనను గ్రుచ్చుకొనదు. ఇందులోనే అపాయము దాగియున్నది. ఇరువదిరెండు కిలోల నమూనా గంటకు 52 కిలోమీటర్ల వేగమున తగులుట, అంత బరువు పదిమీటర్లకు పైనుండి పడుటతో సమానము. వేగము రెట్టింపైనచో నలుబది మీటర్లకు పైనుండి పడినట్లే. అచ్చట నిలుచుండి చూచు బాలునకు అది బొమ్మ కాదు. అందుచేతనే ఐరోపా దేశములలో 25 కిలోలు మించినవానికి ప్రత్యేకానుమతి అవసరమైనది. అందుచేతనే వివేకులు జనము తలలమీదుగా ఎగురనీయరు, రెండు బ్యాటరీలు అమర్తురు, సంకేతము తెగినచో చుక్కానులు ఏ స్థితికి రావలెనో ముందే నిర్ణయింతురు.

కావున మొదటి ప్రశ్నకు సమాధానమిది. నమూనాను నడుపువాడు నిజపు గ్లైడరు విద్యలో సగము నేర్చినవాడే. గాలి ఎచ్చట లేచును, ఎచ్చట దిగును, పొడవైన రెక్కలను ఒరగించునపుడు ముక్కు ఎదురువైపునకు తిరుగకుండ చుక్కానిని ఎట్లు జతచేయవలెను, ఇవన్నియు వానికి తెలియును. తక్కిన సగము ఆసనములో కూర్చుండి, గురువు తోడుగా ఉండగా నేర్వవలసినదే. అట్లే లోపల కూర్చుండి ఆరితేరినవాడు నేలపై నిలువబడినచో క్రొత్తవాడే యగును. ఒకరి విద్యను ఒకరు చిన్నచూపు చూడరాదు. అయితే నేలపై నిలుచుండి నడుపువాడు, తాను లోపలనున్నచో ఎంత జాగ్రత్త వహించునో అంత జాగ్రత్తయు వహించిననాడే ఆ విద్యకు పరిపూర్ణత.