కెనడా: నేల, శీతోష్ణస్థితి, ప్రభుత్వం

ఈ పాఠంలో మీరు కెనడా భౌగోళిక స్థితిని, శీతోష్ణస్థితిని, ప్రభుత్వ విధానాన్ని కలిపి చదువుతారు. సాధారణంగా రాజనీతిశాస్త్ర పుస్తకాలు దేశం ఎల్లలను ఒక పేరాలో ముగించి నేరుగా పార్లమెంటులోకి తీసుకువెళ్తాయి. కెనడా విషయంలో అలా చేస్తే అసలు ప్రశ్న తప్పిపోతుంది. 1867లో ఆ దేశ రాజ్యాంగాన్ని రూపొందించినవారు బలమైన కేంద్రం కావాలని కోరుకున్నారు, ఆ విధంగానే రాశారు కూడా. కానీ ఇవాళ ప్రపంచంలో ప్రాంతీయ ప్రభుత్వాలకు ఎక్కువ స్వతంత్రత ఉన్న సమాఖ్యల్లో కెనడా ఒకటి. రాసినదానికీ జరిగినదానికీ ఇంత దూరం ఎందుకు వచ్చింది? పాఠం చదువుతున్నంతసేపూ ఈ ప్రశ్నను మనసులో ఉంచుకోండి. పక్కన అట్లాసు తెరిచి పెట్టుకుంటే మంచిది.

4.1 విస్తీర్ణం, జనాభా

కెనడా విస్తీర్ణం సుమారు 99.8 లక్షల చదరపు కిలోమీటర్లు. రష్యా తరువాత ప్రపంచంలో అదే పెద్ద దేశం, మన దేశానికి మూడు రెట్లు. జనాభా మాత్రం 2021 జనగణన ప్రకారం 3.7 కోట్లు. 2011లో ఒక్క తెలంగాణ జనాభాయే సుమారు 3.5 కోట్లని గుర్తు చేసుకుంటే ఆ దేశం ఎంత ఖాళీగా ఉందో తెలుస్తుంది.

అయితే జనసాంద్రత సగటు లెక్క ఇక్కడ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. జనం దేశమంతటా పలచగా పరుచుకొని లేరు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు అమెరికా సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపే నివసిస్తున్నారు. ఆ ప్రాంతం దేశ విస్తీర్ణంలో 4 శాతం మాత్రమే. అట్లాసులో 49 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్ని గుర్తించండి. పశ్చిమాన కెనడా, అమెరికాల సరిహద్దు ఈ రేఖ వెంటే నడుస్తుంది. తూర్పున సరిహద్దు బాగా కిందికి దిగుతుంది. టొరంటో, మాంట్రియల్, రాజధాని ఒట్టావా మూడూ ఆ రేఖకు దక్షిణానే ఉన్నాయి. ‘ఉత్తర దేశం’ అని మనం పిలిచే కెనడాలో ఎక్కువమంది ప్రజలు నిజానికి లండన్ కంటే దక్షిణంగా నివసిస్తున్నారు.

4.2 నైసర్గిక స్వరూపం

పశ్చిమాన రాకీ పర్వతాలతో సహా పర్వత శ్రేణులు, వాటికి తూర్పున ప్రెయిరీ మైదానాలు, ఆగ్నేయంలో మహా సరస్సులు, సెయింట్ లారెన్స్ నదీ లోయ, అట్లాంటిక్ వైపు పాత అపలేచియన్ కొండలు, ఉత్తరాన ఆర్కిటిక్ దీవులు. దేశంలోని ఎత్తైన శిఖరం లోగన్, 5,959 మీటర్లు, యూకాన్ ప్రాంతంలో ఉంది. వీటిని పటంలో చూసి గుర్తు పెట్టుకోవచ్చు. కొంచెం ఆగి చదవవలసింది కెనడియన్ షీల్డ్ అనే శిలా ప్రాంతాన్ని.

హడ్సన్ అఖాతం చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో ఉన్న ఈ ప్రాంతం దేశంలో దాదాపు సగం. భూమిపై ఉన్న అతి ప్రాచీన శిలల్లో కొన్ని ఇక్కడివే. హిమయుగాల్లో హిమానీనదాలు పైమట్టిని గీకి తీసుకుపోయి, రాతిని, లెక్కలేనన్ని గుంటలను మిగిల్చాయి. ఆ గుంటలే ఇవాళ్టి సరస్సులు. మట్టి లేదు కనుక సేద్యం లేదు, సేద్యం లేదు కనుక పల్లెలు లేవు. కానీ రాతిలో నికెల్, రాగి, బంగారం ఉన్నాయి, రాతి మీదుగా దూకే నదుల్లో జలవిద్యుత్తు ఉంది.

ఇప్పుడు ఒంటారియో దక్షిణ భాగంలోని వ్యవసాయ భూములను, మానిటోబాలోని గోధుమ మైదానాలను అట్లాసులో చూడండి. ఈ రెంటి మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా ఇదే రాయి. అంటే సరిహద్దు వెంబడి ఉన్న జనావాసం కూడా ఒక పట్టీలా సాగలేదు, మధ్యమధ్య తెగిన పూసల దండలా ఉంది. పర్వతాలు, మైదానాలు ఉత్తర దక్షిణంగా సాగి సరిహద్దు దాటి అమెరికాలోకి వెళ్తాయి. ప్రకృతి కలిపిన దిశ ఒకటి, రాజ్యం కలపవలసిన దిశ మరొకటి.

అందుకే ఆ దేశానికి రైలు మార్గం రాజ్యాంగంతో సమానమైన విషయమైంది. పసిఫిక్ తీరంలోని బ్రిటిష్ కొలంబియా 1871లో సమాఖ్యలో చేరినప్పుడు, పదేళ్లలో తమను తూర్పు ప్రాంతాలతో కలిపే రైలు మార్గం మొదలుపెట్టి పూర్తి చేయాలన్నది ఒప్పందంలోని షరతు. గడువు దాటింది, ఆ ప్రావిన్సు విడిపోతానని బెదిరించింది కూడా. చివరికి 1885 నవంబరులో ఆఖరి మేకు కొట్టారు.

4.3 శీతోష్ణస్థితి

‘కెనడాలో చలి ఎక్కువ’ అన్న ఒక్క వాక్యంతో పరీక్షలో సరిపెట్టకండి. ఎందుకు ఎక్కువో, ఎక్కడ తక్కువో చెప్పగలగాలి. విన్నిపెగ్, వాంకూవర్ నగరాలు రెండూ దాదాపు 49 - 50 డిగ్రీల అక్షాంశాల మధ్యనే ఉన్నాయి. జనవరి సగటు ఉష్ణోగ్రత విన్నిపెగ్‌లో సుమారు మైనస్ 16 డిగ్రీలు, వాంకూవర్‌లో సున్నాకు పైన 4 డిగ్రీలు. వాంకూవర్‌ను పసిఫిక్ గాలులు కాపాడతాయి. అవే గాలులు పర్వతాలెక్కేటప్పుడు తేమను తీరం మీదే కురిపించి, పొడిగా మారి అవతలికి దిగుతాయి. విన్నిపెగ్ ఖండం నడిబొడ్డున ఉంది. సముద్రం దూరం కావడంతో అక్కడ చలికాలం కఠినం, జూలై సగటు మాత్రం 20 డిగ్రీల దాకా ఉంటుంది.

రెండో కారణాన్ని మన దేశంతో పోల్చి అర్థం చేసుకోండి. మధ్య ఆసియా చలిగాలులను హిమాలయాలు తూర్పు పడమరలుగా అడ్డుకుంటాయి. కెనడా పర్వతాలు ఉత్తర దక్షిణంగా ఉన్నాయి. ఆర్కిటిక్ నుంచి బయలుదేరిన గాలికి మైదానాల మీద అడ్డు గోడే లేదు. 1947 ఫిబ్రవరి 3న యూకాన్‌లోని స్నాగ్ వద్ద మైనస్ 63 డిగ్రీలు నమోదైంది. మరో అంచు కూడా చూడండి. 2021 జూన్ 29న బ్రిటిష్ కొలంబియాలోని లిట్టన్ గ్రామంలో 49.6 డిగ్రీల వేడి నమోదైంది. మన రామగుండం వేసవిని చూసినవారికి కూడా అది పెద్ద సంఖ్యే. మర్నాడే కార్చిచ్చులో ఆ గ్రామం చాలావరకు కాలిపోయింది.

ప్రెయిరీల్లో సమస్య చలి ఒక్కటే కాదు, వాన తక్కువ, పంటకాలం చిన్నది. 1857 - 60 మధ్య ఈ ప్రాంతాన్ని పరిశీలించిన జాన్ పాలిజర్, దక్షిణ ప్రెయిరీలలో ఒక త్రిభుజాకార భాగం సేద్యానికి పనికిరాదని తేల్చాడు. అయినా రైలు వెంట వలసదారులు వచ్చారు. 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో చార్లెస్ సాండర్స్ అభివృద్ధి చేసిన మార్క్విస్ అనే గోధుమ రకం, మంచు పడకముందే కోతకు వచ్చి వారిని నిలబెట్టింది. కానీ 1930ల కరవులో పాలిజర్ హెచ్చరించిన భూముల నుంచే వేల కుటుంబాలు వలసపోయాయి. ఇవాళ ఆ మైదానాల్లోని సస్కాచివాన్ ప్రావిన్సు నుంచి పెద్ద ఎత్తున మసూర్ పప్పు మన దేశానికి దిగుమతి అవుతోంది.

ఉత్తరాన నేల లోపలి పొరలు ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటాయి. అక్కడ వింత ఏమిటంటే, రవాణాకు చలికాలమే అనుకూలం. ఎల్లోనైఫ్‌కు ఈశాన్యాన ఉన్న వజ్రాల గనులకు బరువైన సరుకు, గడ్డకట్టిన సరస్సుల మీద వేసిన మంచు బాట గుండా, ఏడాదిలో కొన్ని వారాలు మాత్రమే లారీల్లో వెళ్తుంది. చలి తగ్గితే ఆ వారాలూ తగ్గుతాయి, గడ్డకట్టిన నేల కరిగి ఇళ్ల పునాదులు కుంగుతాయి.

మీ ప్రగతిని తెలుసుకోండి: విన్నిపెగ్ లండన్ కంటే దక్షిణాన ఉంది. అయినా అక్కడ చలి ఎందుకు ఎక్కువ? ఐదు వాక్యాల్లో రాయండి.

4.4 రాజ్యాంగం: రాసిన తీరు

1867 జూలై 1న ఒంటారియో, క్విబెక్, న్యూ బ్రన్స్‌విక్, నోవా స్కోషియా అనే నాలుగు ప్రావిన్సులతో కెనడా సమాఖ్య ఏర్పడింది. ఇప్పుడు 10 ప్రావిన్సులు, 3 టెరిటరీలు ఉన్నాయి. చివరగా చేరిన ప్రావిన్సు న్యూఫౌండ్‌లాండ్, 1949లో.

తొలి ప్రధాని జాన్ ఎ. మెక్‌డొనాల్డ్, ఆయన సహచరులు అప్పుడే ముగిసిన అమెరికా అంతర్యుద్ధాన్ని కళ్లారా చూసినవారు. రాష్ట్రాలకు ఎక్కువ అధికారాలివ్వడమే ఆ యుద్ధానికి మూలమని మెక్‌డొనాల్డ్ నమ్మాడు. కాబట్టి అవశిష్టాధికారాలు కేంద్రానికి ఇచ్చారు. ప్రావిన్సుల లెఫ్టినెంట్ గవర్నర్లను కేంద్రమే నియమిస్తుంది. ప్రావిన్సు శాసనసభ చేసిన చట్టాన్ని ఏడాదిలోపు రద్దు చేసే అధికారం కూడా కేంద్రానికే ఉంది.

ఈ లక్షణాలు మీకు ఎక్కడో చదివినట్టు అనిపిస్తే ఆశ్చర్యం లేదు. మన రాజ్యాంగ పరిషత్తు సలహాదారు బి.ఎన్.రావు 1947లో వెళ్లిన దేశాల్లో కెనడా ఒకటి. అవశిష్టాధికారాలు కేంద్రానికి ఉండటం, గవర్నర్ల నియామకం, సుప్రీంకోర్టు సలహా కోరే పద్ధతి, వీటిలో కెనడా పోలికలు కనిపిస్తాయి. కె.సి.వేర్ ఈ రెండు రాజ్యాంగాలనూ అర్ధ సమాఖ్యలుగానే వర్ణించాడు. అయితే కెనడా విషయంలో ఆయన ఒక ముఖ్యమైన మాట జోడించాడు: చట్టం ప్రకారం అది అర్ధ సమాఖ్య, ఆచరణలో ప్రధానంగా సమాఖ్యే. విద్యార్థులు మొదటి సగం రాసి రెండో సగం వదిలేస్తుంటారు.

కేంద్ర ప్రభుత్వ నిర్మాణం మీకు పరిచితమే. బ్రిటిష్ రాజు దేశాధినేత, ఆయన తరఫున గవర్నర్ జనరల్, ప్రజలెన్నుకున్న హౌస్ ఆఫ్ కామన్స్‌కు బాధ్యత వహించే ప్రధాని, మంత్రివర్గం. 2025 ఎన్నికల నుంచి ఆ సభలో 343 స్థానాలున్నాయి. సెనేట్‌లోని 105 మందిని ఎవరూ ఎన్నుకోరు. ప్రధాని సలహాపై నియమితులై 75 ఏళ్ల వయసు వరకు ఉంటారు. ప్రాంతాల గొంతు వినిపించవలసిన సభకు ఆ నైతిక బలం లేకపోవడం వల్లే, ప్రావిన్సుల ప్రీమియర్లు, అంటే ముఖ్యమంత్రులు, దేశ రాజకీయాల్లో అంత ప్రముఖులయ్యారని నా అభిప్రాయం.

4.5 రాజ్యాంగం: నడిచిన తీరు

చట్టాల రద్దు అధికారాన్ని కేంద్రం 1943 తరువాత ఒక్కసారి కూడా వాడలేదు. రాజ్యాంగం నుంచి దాన్ని తీసేయలేదు, తుప్పు పట్టనిచ్చారు. ఈ మార్పుకు మూడు కారణాలు చెప్పుకోవచ్చు.

మొదటిది న్యాయస్థానం. 1949 వరకు కెనడా తుది అప్పీళ్లు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ న్యాయ సంఘానికి వెళ్లేవి. ‘ఆస్తి, పౌర హక్కులు’ అనే ప్రావిన్సుల జాబితాలోని అంశాన్ని ఆ న్యాయమూర్తులు చాలా విస్తృతంగా వ్యాఖ్యానించారు. మాంద్యం కాలంలో కేంద్రం తెచ్చిన నిరుద్యోగ బీమా చట్టం కూడా 1937లో వారి ముందు చెల్లలేదు. 1940లో రాజ్యాంగాన్ని సవరించాకే ఆ బీమా అమలైంది.

రెండోది నేల. రాజ్యాంగం భూములను, గనులను ప్రావిన్సులకు ఇచ్చింది. 1867లో అది చిన్న విషయంగా కనిపించి ఉండవచ్చు. ఆల్బర్టా చమురు, క్విబెక్ జలవిద్యుత్తు బయటపడ్డాక అదే పెద్ద విషయమైంది. ప్రెయిరీ ప్రావిన్సుల భూములను మాత్రం కేంద్రం తన దగ్గరే అట్టిపెట్టుకొని 1930లో గాని బదిలీ చేయలేదు. అక్కడివారు ఆ అన్యాయాన్ని ఇంకా మరువలేదు. వైద్యం, విద్య కూడా ప్రావిన్సులవే. 1947లో ఆసుపత్రి బీమాను, 1962లో వైద్య బీమాను ముందుగా ప్రారంభించింది సస్కాచివాన్. దేశం దాన్ని తరువాత అనుసరించింది. మీ బంధువుల్లో ఎవరైనా చదువుకోసం అక్కడికి వెళ్లి ఉంటే అడిగి చూడండి: వీసా ఇచ్చింది కేంద్రం, ఆరోగ్య కార్డు, డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేది ప్రావిన్సు.

మూడోది క్విబెక్. ఫ్రెంచి భాష మాట్లాడే ఆ ప్రజలకు ప్రావిన్సు ప్రభుత్వం ఒక పాలనా విభాగం మాత్రమే కాదు, తమ భాషను నిలబెట్టే ఆధారం. 1982లో రాజ్యాంగం పూర్తిగా కెనడా చేతికి వచ్చి, హక్కుల పత్రం చేరినప్పుడు క్విబెక్ ప్రభుత్వం అంగీకరించలేదు, ఆ అంగీకారం నేటికీ లేదు. 1995 అక్టోబరు 30న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 50.58 శాతం మంది విడిపోవడాన్ని తిరస్కరించారు. తేడా దాదాపు ఒక శాతం. 1998లో సుప్రీంకోర్టు, ఏకపక్షంగా విడిపోయే హక్కు లేదని, అయితే స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన ఆధిక్యం వస్తే మిగతా దేశం చర్చలకు కూర్చోవలసిందేనని చెప్పింది. సమాఖ్యల చరిత్రలో ఇది తప్పక చదవదగిన అభిప్రాయం.

4.6 ఉత్తర ప్రాంతం, ఆదివాసులు

ఇంతవరకు చెప్పిన కథలో ఒక లోపం ఉంది. 1867 ఒప్పందంలో పాల్గొన్నవారు ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు. ఆ నేల మీద వేల ఏళ్లుగా ఉన్న ఆదివాసులను, ఇన్యూట్‌లను ఎవరూ అడగలేదు. వారి పిల్లలను కుటుంబాల నుంచి వేరు చేసి, సొంత భాష మాట్లాడనివ్వని గురుకుల పాఠశాలల్లో పెట్టడం 19వ శతాబ్దంలో మొదలై 1990ల దాకా సాగింది. సుమారు లక్షన్నర మంది పిల్లలు వాటి గుండా వెళ్లారు, వేలమంది తిరిగి రాలేదు. 1970లలో క్విబెక్ జేమ్స్ అఖాతం నదులపై జలవిద్యుత్ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు క్రీ, ఇన్యూట్ ప్రజలు కోర్టుకెక్కారు. 1975 ఒప్పందం ఆ పోరాట ఫలితమే.

మూడు టెరిటరీలు కలిపి దేశంలో దాదాపు 40 శాతం భూమి, 2021లో జనాభా సుమారు 1.18 లక్షలు, కామన్స్ సభలో 3 స్థానాలు. ప్రావిన్సుల అధికారాలు రాజ్యాంగం నుంచి వస్తాయి, టెరిటరీల అధికారాలు పార్లమెంటు చట్టం నుంచి వస్తాయి. ఇన్యూట్‌లు అధిక సంఖ్యలో ఉన్న నునావుట్ 1999 ఏప్రిల్ 1న ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్లు, 2021లో జనాభా 37 వేల లోపు, గ్రామాలు పట్టణాలు కలిపి 25. వాటిలో ఒకదానికొకటి గాని, దక్షిణ కెనడాతో గాని రోడ్డు లేదు. సరుకులు వేసవిలో ఓడలపై, మిగతా కాలంలో విమానాలపై చేరాలి. దాని శాసనసభలో పార్టీలు లేవు. సభ్యులంతా స్వతంత్రులుగా గెలిచి, తమలోంచి ప్రీమియర్‌ను, మంత్రులను ఎన్నుకుంటారు.

కానీ తమ కాళ్ల కింది ఖనిజాలపై నిర్ణయాధికారం చాలాకాలం వారిది కాలేదు. యూకాన్‌కు 2003లో, నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌కు 2014లో ఆ అధికారం దక్కింది. నునావుట్ విషయంలో 2024 జనవరిలో ఇకాలూయిట్‌లో ఒప్పందంపై సంతకాలయ్యాయి. బదిలీకి పెట్టుకున్న గడువు 2027 ఏప్రిల్ 1.