బండ అరగదు, తాడు అరుగుతుంది

మే నెలలో భువనగిరి బండ మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. మంచు మాటెత్తితే నవ్వొచ్చే ఆ చోటే ఎవరెస్ట్‌కు తొలిమెట్టయింది. ఒకప్పుడు నల్గొండ జిల్లాలో ఉండి, 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాకు మారిన ఈ ఊళ్లోని రాక్ క్లైంబింగ్ స్కూల్లోనే మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎక్కడం మొదలుపెట్టారు. సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి వచ్చిన పిల్లలకు ఇక్కడ శేఖర్‌బాబు బాచినేపల్లి శిక్షణ ఇచ్చారు. ఆ తర్వాతే డార్జిలింగ్, లద్దాఖ్. 2014 మే 25న ఇద్దరూ టిబెట్ వైపు నుంచి శిఖరం చేరారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు.

మంచు మీది విద్యను ఎండలో సాధన చేయడం మనకే ప్రత్యేకం కాదు. నార్వే స్కీయర్లు మంచు కరిగాక చక్రాల స్కీలు కట్టుకుని తారు రోడ్ల మీద సాగుతారు. బేరింగుల్లో చేరే ఇసుక, ఒక పక్కే అరిగే చక్రాలు వాళ్ల తలనొప్పి. అరుగుదల సమం కావడానికి చక్రాల చోట్లు మారుస్తుంటారు. భువనగిరిలో చక్రాలు లేవు, తాడుంది. గరుకు గ్రానైట్ ఒకటి, ఎండ ఒకటి దాని శత్రువులు.

క్లైంబింగ్ తాడు బావి చేంతాడులా పేనింది కాదు. లోపల నైలాన్ పోగుల కట్ట, దాని చుట్టూ అల్లిన తొడుగు. బరువులో ఎక్కువ పాలు మోసేది లోపలి పోగులే. అందుకే తాడును తొక్కొద్దంటారు. పొరపాటున తొక్కి, మన అలవాటు కొద్దీ కళ్లకద్దుకుంటే లాభం లేదు. కాలి కింద నలిగిన గ్రానైట్ రవ్వ తొడుగులోకి దూరి, బరువు పడినప్పుడల్లా లోపలి పోగుల్ని కోస్తూనే ఉంటుంది. పైకి మాత్రం ఏమీ కనబడదు.

కాబట్టి కళ్లకన్నా చేతుల్నే నమ్మాలి. ఎక్కడానికి ముందు తాడును ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ల మధ్య నుంచి పోనివ్వాలి. ఎక్కడైనా మెత్తగా, చదునుగా, ఉబ్బెత్తుగా తగిలినా, తొడుగు చిరిగి లోపలి పోగులు బయటపడినా ఆ తాడు పని అయిపోయినట్టే. మురికి పడితే గోరువెచ్చని నీళ్లలో మెత్తని సబ్బుతో ఉతికి నీడన ఆరేయాలి. బ్లీచింగ్ తగలనివ్వకూడదు. ఎండలో ఆరేస్తే తొందరగా ఆరుతుంది, తొందరగా చస్తుంది కూడా. ఇళ్లలో చాలామంది పట్టించుకోని ప్రమాదం ఇన్వర్టర్ బ్యాటరీ. దాని ఆసిడ్ ఆవిరి సోకినా నైలాన్ దెబ్బతింటుంది, రంగు కూడా మారకుండానే.

లోహపు సామాను కొంచెం మొండిది. క్యారబినర్ మూత బిగుసుకుంటే వేడినీళ్లలో కడిగి, ఆరబెట్టి, పొడి కందెన వేస్తే చాలు. తాడు రాసుకుని లోతుగా గాడి పడితే మాత్రం పక్కన పెట్టాలి. ఆ గాడి అంచు తాడును కోస్తుంది. బూట్లను ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే అడుగు రబ్బరు జిగురు వదిలేస్తుంది.

వాడకుండా దాచినా నైలాన్ తాడుకు పదేళ్లే గరిష్ఠ ఆయుష్షని తయారీదారులు చెబుతారు. వారం వారం వాడితే ఏడాది, దాదాపు రోజూ వాడితే అంతకన్నా తక్కువ. గట్టిగా పడిన మనిషిని ఆపిన తాడును ఆరోజే తీసేయాల్సి రావచ్చు. కొన్న తేదీ, పడిన సందర్భాలు రాసిన చిట్టా లేకుంటే ఈ లెక్కలేవీ తేలవు. చవగ్గా వస్తోందని పాత తాడు కొనేవాళ్లు ముందు ఆ చిట్టా అడగాలి. అది లేకపోతే ఆ తాడు సామాను కట్టుకోవడానికే.