పాత గేమ్ బోర్డుకు కరెంటు అందేదెలా?

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం గ్రిడ్‌లోకి పంపే కరెంటు మన ఇంటి ప్లగ్గుకు చేరేసరికి 230 వోల్టుల ఏసీ. వీడియో గేమ్ పార్లర్ల కాలం నాటి బోర్డులోని చిప్‌లకు కావాల్సింది 5 వోల్టుల డీసీ మాత్రమే. ప్రకాశం బ్యారేజీ నీళ్లు పెద్ద కాలువ, పిల్ల కాలువ, బోదె దాటాకే మడికి చేరినట్టు, కరెంటు వోల్టేజీనీ తగ్గించి, డీసీగా మార్చి పంపాలి. ఆ పని ఎస్‌ఎంపీఎస్ పెట్టె చేస్తుంది.

అడాప్టర్ ఎందుకు?

ఒకప్పుడు ఏ కంపెనీ బోర్డు వైరింగ్ దానిదే. 1985లో జపాన్ గేమ్ యంత్రాల తయారీదారుల సంఘం 'జామా' ఒకే పద్ధతి తెచ్చింది: బోర్డు అంచున వైపుకు 28 చొప్పున 56 పిన్నులు. అంతకు ముందరి బోర్డును జామా పద్ధతి గేమ్ పెట్టెలో ఆడించాలంటే, ప్రతి తీగనూ సరైన పిన్నుకు చేర్చే అడాప్టర్ కావాలి.

ఎలా పనిచేస్తుంది?

జామాలో 5 వోల్టులకు నాలుగు పిన్నులున్నాయి. చిప్‌లన్నీ కలిసి లాగే కరెంటు ఎక్కువ కాబట్టి దాన్ని పంచారు. 12 వోల్టులు ప్రధానంగా సౌండు కోసం. 7వ పిన్ను స్థానంలో ఉండే అడ్డు కనెక్టర్‌ను తిరగేసి పెట్టనివ్వదు.

1991 నాటి 'స్ట్రీట్ ఫైటర్ 2'లో కిక్ బటన్లకు జామా పిన్నులు చాలలేదు. వాటికి వేరే తీగల కట్ట ఉంటుంది.

బోర్డు తగిలించే ముందే మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడాలి. తగ్గితే గేమ్ మొరాయిస్తుంది, బాగా పెరిగితే చిప్‌లు కాలిపోతాయి. ప్లగ్గు వైపు పని మాత్రం తెలిసిన పెద్దవాళ్లే చేయాలి.