ఆరు గంటల ఔషధం

సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలో కాపురమున్న తెలుగువారికి ఎరుకే: స్వస్థలాల నుంచి చుట్టాలు దిగితే పని బజారులోనైనా ఉంటుంది, చేరువలోని ఎయిమ్స్, సఫ్దర్‌జంగ్ ఆసుపత్రులలోనైనా ఉంటుంది. ‘స్కానింగ్’ అని చీటీ రాసిస్తే, ముందుగా గుచ్చే సూదిమందు ఎక్కడిదని అడిగేవారు అరుదు. నేను విచారించిన సంగతులు పాఠకులకు మనవి చేస్తాను.

ఎముకలు, గుండె, థైరాయిడ్ చిత్రాలకు విరివిగా వాడేది టెక్నీషియం-99ఎం. దాని అర్ధాయువు ఆరు గంటలే గనుక నిల్వ చేయ వీలులేదు. అందుచేత 66 గంటల అర్ధాయువు గల మాలిబ్డినం-99ను అల్యూమినా నింపిన గొట్టానికి పట్టించి, సీసపు కవచంలో ఆసుపత్రికి పంపుతారు. ఉప్పునీరు పోనిస్తే టెక్నీషియం దిగివస్తుంది. 1950ల చివర అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో రూపొందిన ఈ జెనరేటర్‌ను ఆ వృత్తివారు ‘ఆవు’ అంటారు. పొద్దున్నే పితుకుతారు!

పాలలో నలుసులు పడినట్లు ఒక్కొక్కప్పుడు మాలిబ్డినం, అల్యూమినియం కూడా జారివస్తాయి. అల్యూమినియం మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని అమెరికా ఔషధ ప్రమాణం. మించితే కాలేయానికి చేరవలసిన సల్ఫర్ కొల్లాయిడ్ గడ్డకట్టి ఊపిరితిత్తులలో చిక్కుకోవచ్చు. చిత్రం అబద్ధమాడుతుందన్నమాట, దానిని నమ్మి వైద్యుడు లేని జబ్బును వెదుకుతాడు. దీనిని కనిపెట్టడానికి రంగు మారే కాగితం ముక్కపై ఒక చుక్క చాలు. ఇంత చౌక పరీక్షను తొందరలో వదిలివేయడం క్షమించరానిది.

మాలిబ్డినం సంగతి మరికొంత చిక్కు. సీసాను సీసపు డబ్బాలో ఉంచి కొలిస్తే టెక్నీషియం బలహీన కిరణాలు ఆగిపోయి, మాలిబ్డినం గట్టి కిరణాలు బయటపడతాయి. టెక్నీషియం ఒక మిల్లీక్యూరీకి మాలిబ్డినం 0.15 మైక్రోక్యూరీ మించరాదు. ఆ హద్దు సూది గుచ్చే వేళకు వర్తిస్తుంది. టెక్నీషియం వేగంగా తరుగుతుంది, మాలిబ్డినం నిదానిస్తుంది. ఉదయం 8 గంటలకు 0.07 ఉన్న మందు మధ్యాహ్నం మూడున్నరకు హద్దు దాటి ఉంటుంది.

ఇదంతా చాదస్తమనుకునేవారికి 2011 నాటి ఉదంతం చెప్పాలి. అమెరికాలో గుండె పరీక్షకు వాడిన రుబీడియం జెనరేటర్ల నుంచి స్ట్రాన్షియం జారి రోగుల ఒంట్లో చేరింది. పరీక్ష జరిగిన కొన్ని నెలల తరువాత దేశ సరిహద్దు వద్ద రేడియేషన్ యంత్రాలు ఇద్దరిని పట్టిచ్చాయి. ఆ సరుకును తయారీదారులు వెనక్కు తీసుకోవలసి వచ్చింది.

సాయంత్రపు వంతు దొరికిన మన చుట్టం ఒక మాట అడగవచ్చు: ఉదయపు అంకెతోపాటు ఇంజక్షన్ వేళకు లెక్కగట్టిన అంకె కూడా రిజిస్టరులో ఉందా అని.