అలల తర్వాతే అసలు నడక

ఆషాఢ శుద్ధ చతుర్దశి. సింహాచలం కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయల చప్పుడు తెరిపి ఇవ్వదు. కాయ కొట్టి, తొలి మెట్టుకు మొక్కి, కొండను కుడిచేతి వైపు పెట్టుకుని జనం కదులుతారు. చెప్పులు ఇంటి దగ్గరో బస్సులోనో వదిలేసి వచ్చినవాళ్లే ఎక్కువ. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు నలుగురైదుగురు ఒక జట్టుగా చేరి, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని నడుస్తారు. కొండ చుట్టూ తిరిగి మళ్లీ ఇక్కడికే చేరాలంటే 32 కిలోమీటర్లు.

తెలుగువాళ్లు ఇప్పుడు పెద్ద సంఖ్యలో వెళుతున్న అరుణాచల ప్రదక్షిణ 14 కిలోమీటర్లు. ఇది దానికి రెట్టింపు కన్నా ఎక్కువ. గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున ఎక్కడా ఆగకుండా నడిచినా ఎనిమిది గంటలు పడుతుంది. ఆగకుండా నడిచేవాళ్లెవరు? స్నానం, ప్రసాదం, వెనకబడిన అత్త కోసం ఎదురుచూపులు... అన్నీ కలిపితే రాత్రంతా రోడ్డు మీదే.

ఈ నడకకు ఆ తిథే ఎందుకంటే, దానికి భక్తులు అప్పన్న అని పిలుచుకునే సింహాచల స్వామి చందనంతో ముడి ఉంది. ఏడాదంతా చందనపు పూతలో ఉండే వరాహ లక్ష్మీనృసింహుడు అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపంలో దర్శనమిస్తాడు. ఆ రోజు నుంచి నాలుగు విడతలుగా, విడతకు మూడు మణుగుల చొప్పున స్వామికి చందనం సమర్పిస్తారు. చివరి విడత ఆషాఢ పౌర్ణమికి. అంటే భక్తులు రాత్రంతా నడిచి తెల్లారేసరికి కొండకు చేరేది సరిగ్గా ఆ రోజుకే.

మొదటి భాగం హాయిగా సాగిపోతుంది. అడవివరం, పైనాపిల్ కాలనీ, ముడసర్లోవ... ఒక పక్క పచ్చటి కొండ, కాళ్లలో కొత్త సత్తువ. పిల్లలు ముందుకు పరిగెడతారు. గోవింద నామాలు గట్టిగా వినిపించేదీ ఇక్కడే. హనుమంతవాక కూడలికి వచ్చేసరికి జాతీయ రహదారి తగులుతుంది. కుడివైపు తిరిగి ఆ రహదారే పట్టుకుంటే వెంకోజీపాలెం, ఇసుకతోట దగ్గరే. కొండ చుట్టూ తిరిగిన లెక్కా తప్పదు. అయినా భక్తులు ఆ దగ్గరి దారిని కాదని సముద్రం వైపు వెళతారు. జోడుగుళ్లపాలెం, అప్పూఘర్ తీరంలో మునక వేయకుండా ప్రదక్షిణ పూర్తయిందని ఉత్తరాంధ్ర భక్తుల్లో చాలామంది ఒప్పుకోరు. అడవి, నగరం, కడలి మూడూ కలిసిన ఈ దారికి ఇంత ఆకర్షణ రావడానికి ఆ మలుపే కారణమని చెప్పాలి.

అయితే ఆ సముద్రంతో జాగ్రత్తగా ఉండాలి. నైరుతి రుతుపవనాల కాలం కావడంతో అలల ఉరవడి ఎక్కువ. పైగా పౌర్ణమి ముందు రోజు, పోటు కూడా ఎక్కువగానే ఉంటుంది. అందుకే ఏటా ఇక్కడ గజ ఈతగాళ్లను కాపలా పెడతారు. లోపలికి వెళ్లొద్దని మైకులో చెబుతూనే ఉంటారు. ‘పిన్నీ, చెయ్యి వదలకు’ అంటూ జట్టు మొత్తం ఒక వరసలో నిలబడి మోకాళ్ల లోతులోనే మునిగి లేస్తారు. వేడెక్కిన తారు మీద నడిచి వచ్చిన పాదాలకు తడి ఇసుక తగిలినప్పుడు ఆ ముఖాల్లో కనిపించే సుఖం చూసి తీరాలి.

అసలు పరీక్ష ఆ తర్వాతే. నీళ్లలో నానిన అరికాలి చర్మం మెత్తబడుతుంది. దానికి ఇసుక రేణువులు అంటుకుంటాయి. ఆ కాళ్లతో మళ్లీ గరుకు రోడ్డెక్కితే బొబ్బలు లేస్తాయి. ఉప్పునీళ్లతో తడిసిన బట్టలు తొడల మధ్య ఒరుసుకుని చర్మం కమిలిపోతుంది. అనుభవం ఉన్నవాళ్లు సంచిలో పొడి బట్టలు, ఒక పాత తువ్వాలు, కొబ్బరినూనె సీసా తప్పకుండా పెట్టుకుంటారు. స్నానం కాగానే రోడ్డు అంచున కూర్చుని మంచినీళ్లతో కాళ్లు కడుక్కుని, వేళ్ల సందులు కూడా తుడుచుకుని, నూనె రాసుకుని గానీ లేవరు. పావుగంట పోయినా ఫరవాలేదు. ఆ పావుగంటే తర్వాతి సగం దారిని గట్టెక్కిస్తుంది.

సీతమ్మధార దాటి కంచరపాలెం, మాధవధార వైపు సాగేసరికి అర్ధరాత్రి. గోవింద నామాలు సన్నగిల్లుతాయి. ఉక్కపోతకు ఒళ్లంతా జిడ్డు. పిక్కలు పట్టేస్తాయి. ‘ఇంకెంత దూరమే?’ అని ఒకరు అడుగుతారు. ‘వచ్చేసింది వదినా, పద’ అని ఇంకొకరు అబద్ధం చెబుతారు. తోడు విలువ తెలిసేది ఇక్కడే. ఒంటరిగా వచ్చినవాళ్లు ఈ మలుపుల్లోనే ఆటోల వైపు చూస్తారు. జట్టుగా వచ్చినవాళ్లు మాత్రం అందరికన్నా మెల్లగా నడిచే మనిషిని ముందుపెట్టి, ఆమె అడుగుకు తమ అడుగు కలుపుతారు.

నగరం కూడా వాళ్లకు తోడుగా నిలుస్తుంది. కాలనీ కుర్రాళ్లు టెంటు వేసి పులిహోర, మజ్జిగ, అరటిపళ్లు పంచుతారు. పెద్దాయన ఒకరు గొట్టంతో రోడ్డు మీద నీళ్లు చల్లుతుంటే, ఆ తడి చారల మీదే అడుగు వేయాలని అందరూ అటు జరుగుతారు. ముక్కూముఖం తెలియని ముసలమ్మ కాళ్లకు నొప్పి మందు రాసే కాలేజీ పిల్లలూ కనిపిస్తారు. ఎన్‌ఏడీ, గోపాలపట్నం దాటి గోశాల కూడలికి చేరేసరికి తూర్పు తెల్లబడుతుంది. అక్కడికీ ఓపిక మిగిలినవాళ్లు వెయ్యికి పైగా మెట్లెక్కి పైకి వెళతారు. మిగతావాళ్లు కొండ బస్సు కోసం బారులు తీరతారు.

ఇంత సేవలోనూ ఒక లోటు గట్టిగా చెప్పుకోవాలి. దారిపొడవునా తిండికి కొదవ లేదు, ఆడవాళ్ల మరుగుదొడ్లకే కొరత. తాత్కాలికంగా పెట్టేవి ఈ జనానికి చాలవు. ఆ భయంతో చాలామంది ఆడవాళ్లు దాహమేసినా నీళ్లు తాగరు. 32 కిలోమీటర్లు చెమటోడ్చి నడిచే శరీరానికి అంతకన్నా ప్రమాదం లేదు. కళ్లు తిరగడానికి, పిక్కలు పట్టేయడానికి నీళ్లు చాలకపోవడమూ ఒక కారణం.

వచ్చే ఆషాఢానికి నడవాలనుకునేవాళ్లు నెల ముందు నుంచే రోజూ కాస్త దూరం పెంచుకుంటూ నడవండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టరును అడిగి, మందులు సంచిలో పెట్టుకునే బయల్దేరండి. ప్రదక్షిణ దారిలో ఇల్లున్నవాళ్లకు ఒక మనవి: మరో పులిహోర గిన్నె కన్నా ముఖ్యమైన సేవ ఒకటి మీ చేతుల్లోనే ఉంది. ఆ ఒక్క రాత్రికి వీధి వైపు లైటు వేసి, గేటు తీసి, మీ ఇంటి బాత్రూమ్‌ను దారిన పోయే అక్కచెల్లెళ్లకు వాడుకోనివ్వండి.