తీరప్రాంతంలో గోల్డ్‌ఫిష్‌కు తగిన నీరు

గోల్డ్‌ఫిష్ మంచినీటి చేప. బొచ్చె, శీలవతి చేపల కుటుంబానికి చెందినదే. చైనాలో వెయ్యేళ్లకు పైగా పెంపకంలో ఉంది. దీన్ని తీరంలో పెంచాలంటే ముందు అక్కడి నీటిని తెలుసుకోవాలి. ఉదాహరణకు శ్రీహరికోట బంగాళాఖాతానికీ పులికాట్ సరస్సుకూ మధ్య ఉన్న ఇసుక దీవి. వానాకాలంలో కాళంగి, ఆరణి వంటి నదుల నీరు చేరి పులికాట్ చప్పబడుతుంది. ఎండాకాలంలో కొన్నిచోట్ల సముద్రాన్ని మించి ఉప్పెక్కుతుంది. పండుగప్పకు ఈ మార్పు అలవాటే. గోల్డ్‌ఫిష్‌కు మాత్రం ప్రాణాంతకం.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. గోల్డ్‌ఫిష్ రక్తంలో లవణాల గాఢత అందులో మూడో వంతుకు మించదు. చుట్టూ మంచినీరున్నంత కాలం మొప్పల గుండా లోపలికి చేరే నీటిని మూత్రంగా వదులుతూ, లవణాలను నిలుపుకుంటూ చేప బతుకుతుంది. బయట ఉప్పు ఎక్కువైతే ఒంట్లోని నీరే బయటికి పోతుంది. బోరు నీటితోనూ ఈ ముప్పు రావచ్చు. ఇసుక దీవుల్లో భూమిలోకి ఇంకిన వాననీరు ఉప్పునీటి మీద పొరలా తేలి ఉంటుంది. ఎక్కువగా తోడితే కింది ఉప్పు పైకి వస్తుంది. అందుకే డిసెంబరులో తియ్యగా ఉన్న బోరు మే నెలలో ఉప్పగా మారవచ్చు. తీరంలో బోరు నీటిని ఒకసారి పరీక్షించి వదిలేస్తే చాలదు.

అయితే తొట్టెలో చేపలను ఎక్కువగా చంపేది ఉప్పు కాదు, అమ్మోనియా. మొప్పల నుంచి ఇది నిరంతరం వెలువడుతుంది. మిగిలిపోయిన మేత కుళ్లినా పుడుతుంది. నీరు అద్దంలా తేటగా కనిపిస్తున్నా అందులో విషం ఉండవచ్చు. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి పెద్దగా హాని చేయదు, రెండోది మొప్పలను దెబ్బతీస్తుంది. ఏది ఎంత ఉండాలో నిర్ణయించేవి పీహెచ్, వేడి. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. పీహెచ్ 8.5కు పెరిగితే అది సుమారు 20 పాళ్లకు చేరుతుంది. ఎండలు మండే ఈ తీరంలో, క్షారగుణం ఉన్న బోరు నీటితో చేప పెంచేవారు అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసిన లెక్క ఇది.

ఈ విషానికి విరుగుడు బాక్టీరియా. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా, మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా ప్రమాదమే. రక్తం ఆక్సిజన్‌ను మోయకుండా చేస్తుంది. నైట్రేట్ హాని చాలా తక్కువ. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఫిల్టరు స్పాంజిలోనూ అడుగు గులకరాళ్ల మీదా ఉండే వాటిని కుళాయి నీటితో కడిగితే క్లోరిన్ చంపేస్తుంది. తొట్టెలోంచి తీసిన నీటితోనే స్పాంజి కడగాలి. చేపలకు పోసే కుళాయి నీటిలోనూ క్లోరిన్ ఉండకూడదు. వెడల్పాటి పాత్రలో ఒక రోజు నిలవ ఉంచితే చాలావరకు పోతుంది. క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ వాడిన నీటికి ఇది చాలదు, దాన్ని విరిచే మందు కలపాలి.

తాగడానికి కొనే ఆర్‌ఓ క్యాన్ నీళ్లు మంచివే కదా అనిపిస్తుంది. వాటిలో కార్బనేట్లు దాదాపు ఉండవు. బాక్టీరియా పనిచేసే కొద్దీ ఆమ్లం పుట్టి, దాన్ని అడ్డుకునేదేమీ లేక పీహెచ్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఉప్పు లేని గట్టినీటిని అందులో కొంత కలపడం మేలు.

గోల్డ్‌ఫిష్‌కు 18 నుంచి 24 డిగ్రీల వేడి హాయి. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద 7.5 మాత్రమే. వేసవిలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరిగినప్పుడే నీటిలో అది తగ్గుతుందన్నమాట. చిన్న గాజు బుడ్డిలో చేపను ఉంచడం దాన్ని నెమ్మదిగా చంపడమే. ఒక్క చేపకైనా 40 లీటర్లకు తగ్గని వెడల్పాటి తొట్టె, ఎయిరేటరు, ఎండ పడని మూల కావాలి.

వారానికోసారి పావు వంతు నీరు మార్చాలి. కొత్త నీటి వేడి, పీహెచ్ పాత నీటికి దగ్గరగా ఉండాలి. నెల్లూరు తీరంలో రొయ్యల చెరువుల నీటిని పరీక్షించే ఆక్వా ల్యాబుల్లో పీహెచ్, ఉప్పు, అమ్మోనియా, నైట్రైట్ చూస్తారు. గోల్డ్‌ఫిష్ తొట్టెకూ చూడవలసినవి అవే. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ కనిపిస్తే మేత ఆపి, అదే రోజు కొంత నీరు మార్చి, రెండూ సున్నాకు వచ్చేదాకా రోజూ పరీక్షించాలి.